రెండు వేళ్ల స్పీడు: సగంలో తెర ఆరిపోయిన ఒక ఎక్సెల్ క్లాసు

నేను ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి కంప్యూటర్ నేర్పుతాను. ఎక్కువగా ఎక్సెల్, ఈమెయిల్, ఫైళ్లు సర్దుకోవడం లాంటివి. ఆరేళ్లుగా చేస్తున్నాను కానీ, అదంతా పది పన్నెండు మంది కూర్చునే ల్యాబుల్లోనే. ఒక్కొక్కరి వెనక నిలబడి, వాళ్ల స్క్రీన్ చూస్తూ చెప్పడం నాకు అలవాటు. మైకు పట్టుకుని, అరవై మంది ముందు, పెద్ద తెర మీద లైవ్‌గా చేసి చూపించడం మాత్రం ఆ రోజే మొదటిసారి.

ఇప్పుడు రాస్తున్నది ఆ గంటన్నర గురించి. మిషన్ మొరాయించడం వేరు, మనిషి కంగారుపడటం వేరు అనుకునేదాన్ని. ఆ రోజు అవి రెండూ ఒకదాన్నొకటి ఎలా ఎగదోసుకున్నాయో కళ్లారా చూశాను. అదృష్టం కొద్దీ ఫోన్లో ఆడియో రికార్డు పెట్టుకున్నాను. కింద చెప్పే నిమిషాలు, లెక్కలు ఆ రికార్డింగ్ విని రాసుకున్నవే.

ఒప్పుకున్న పని

ఒక ఆఫీసు స్టాఫ్‌కి తొంభై నిమిషాల క్లాసు. కొత్తగా చేరిన కుర్రాళ్ల నుంచి రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డవాళ్ల దాకా అన్ని వయసులవాళ్లూ ఉన్నారు. లెక్కల షీట్లు శుభ్రం చేసుకోవడం, కూడికలు, ఒక షీట్ నుంచి ఇంకో షీట్‌లోకి వివరాలు తెచ్చుకోవడం నేర్పాలి. నేను 42 స్లైడ్లు తయారు చేశాను. మధ్యలో నాలుగు లైవ్ డెమోలు. ఎందుకన్ని అంటే, ఖాళీ వస్తే ఏం మాట్లాడాలో తెలియదన్న భయం. ఆ 42 అనే అంకెలోనే నా టెన్షన్ కనిపిస్తోంది, అప్పుడు నాకు తెలియలేదు గానీ.

ఇంట్లో మూడుసార్లు రిహార్సల్ చేశాను. మూడుసార్లూ కుర్చీలో కూర్చుని, నా లాప్‌టాప్ తెర చూసుకుంటూ, రెండు చేతులతో టైప్ చేస్తూ. హాల్లో నిలబడాలి, ఒక చేతిలో మైకు ఉంటుంది, మిగిలిన ఒక్క చేత్తోనే కీబోర్డు మీద పని చేయాలి. కంట్రోల్, షిఫ్ట్, బాణం కీ మూడూ కలిపి ఒంటిచేత్తో నొక్కి చూడండి, నా అవస్థ తెలుస్తుంది.

మొదటి పందొమ్మిది నిమిషాలు

పది గంటలకి క్లాసు. నేను వెళ్లేసరికి తొమ్మిది ముప్పై అయిదు. “ప్రొజెక్టర్ అంతా రెడీ మేడమ్” అన్నారు. రెడీగానే ఉంది, కాకపోతే దాని కేబుల్ వీజీఏ. 1987లో వచ్చిన ఆ కనెక్షన్ ఇప్పటికీ హాళ్లలో బతికే ఉంది. నా లాప్‌టాప్‌కి ఉన్నది హెచ్‌డీఎంఐ ఒక్కటే. ఎవరో వెతికి ఒక కన్వర్టర్ తెచ్చారు, బొమ్మ వచ్చింది. అయితే ఆ ప్రొజెక్టర్ 1024 బై 768 రకం, నా తెర 1920 బై 1080. నేను పొందిగ్గా అమర్చుకున్న షీట్‌లో సగం కాలమ్‌లు తెర దాటి బయటికి పోయాయి. సౌండ్ కూడా లేదు. వీజీఏ కేబుల్‌లో శబ్దం వెళ్లదు. ఈ సంగతి నేనే ఎన్నోసార్లు క్లాసుల్లో చెప్పాను. అయినా రెండు నిమిషాల వీడియోతో మొదలుపెట్టాను, అది మూగగా ఆడింది.

ఆ తర్వాత జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. స్లైడ్ షో మొదలవగానే, నా కోసం రాసుకున్న నోట్సు పెద్ద తెర మీదికి వెళ్లింది, స్లైడ్ నా లాప్‌టాప్‌లో ఉండిపోయింది. రెండు తెరలూ తారుమారయ్యాయి. నేను గమనించేలోపు హాలంతా చదివేసింది: “ఇక్కడ కాస్త నవ్వు. నీళ్లు తాగు. తొందరపడకు.” అందరూ నవ్వారు. నిజానికి అది మంచి నవ్వే, నా మీద కోపంతో నవ్వింది కాదు. నాకు మాత్రం అప్పుడు అలా అనిపించలేదు. ముఖంలోకి రక్తం పొంగుకొచ్చింది. తెరలు మార్చుకున్నాక ఇక ఎక్కడా ఆగలేదు.

రికార్డింగ్‌లో ఆ తర్వాతి భాగం వినడం నాకే కష్టంగా ఉంది. ముప్పై అయిదు నిమిషాలకి అనుకున్న స్లైడ్లు పదిహేను నిమిషాల్లో అయిపోయాయి. “ఇది చాలా సింపుల్” అన్న మాట తొమ్మిదిసార్లు వాడాను. “చూశారు కదా?” అని అడిగి, జవాబు కోసం ఒక్కసారి కూడా ఆగలేదు. కుడి క్లిక్కు, కింద మూడోది, ఓకే, మళ్లీ ఓకే... మౌస్ తిరుగుతోంది, నోరు దాని వెనక పరుగెడుతోంది. ఎవరో “ఒకసారి మళ్లీ...” అనడం రికార్డింగ్‌లో స్పష్టంగా వినిపిస్తోంది. ఆ రోజు నాకు వినపడనే లేదు.

సున్నా

పొద్దున నిర్వాహకుడు ఒక ఫైల్ ఇచ్చారు. “మా స్టోర్స్ లెక్కలండీ, డెమో దీని మీదే చూపిస్తే మావాళ్లకి బాగా అర్థమవుతుంది” అన్నారు. కాదనలేక సరే అన్నాను. కనీసం తెరిచి కూడా చూడలేదు. మొదటి డెమోలో ఆ ఫైల్ తెరిచి, ఒక కాలమ్ కింద సమ్ ఫార్ములా వేశాను. జవాబు సున్నా. రెండువందల చిల్లర వరుసలు, ప్రతి గడిలో అంకె ఉంది, మొత్తం సున్నా.

ల్యాబులో ఎవరి తెర మీద ఇది కనిపించినా, వెనక నిలబడే కారణం చెప్పేదాన్ని. ఆ రోజు బుర్ర బిగుసుకుపోయింది. ఫార్ములా చెరిపి మళ్లీ రాశాను. మళ్లీ సున్నా. మళ్లీ చెరిపాను. నాలుగు నిమిషాలు ఇదే పని. అదే తప్పు ఇంకా త్వరగా చేస్తే రైట్ అవుతుందన్నట్టు!

అంతలో తెర నల్లబడి “నో సిగ్నల్” అని వచ్చింది. కన్వర్టర్ పట్టుకుంటే కాలిపోతోంది. కేబుల్ తీసి పెట్టాల్సింది పోయి, కంగారులో విండోస్ కీ, పి నొక్కి, చూసుకోకుండా ఒక ఆప్షన్ ఎంచుకున్నాను. అది “రెండో తెర మాత్రమే”. రెండో తెర ఎలాగూ లేదు, ఇప్పుడు నా లాప్‌టాప్ కూడా ఆరిపోయింది. కేబుల్ పీకేస్తే లాప్‌టాప్ తెర దానంతట అదే తిరిగొస్తుంది. అది గుర్తుకు రావడానికి రెండు నిమిషాలు పట్టింది. అరవై మంది చూస్తుండగా రెండు నిమిషాలంటే ఎంతసేపో అనుభవిస్తే గానీ తెలియదు.

అప్పటికి ఇరవై ఆరో నిమిషం.

మైకు వైరు పొట్టిది

హాల్లో గోడవార ఆఫీసువాళ్ల కంప్యూటర్ ఒకటి ఉంది, నేరుగా వీజీఏతో అదే ప్రొజెక్టర్‌కి పెట్టుకోవచ్చు. అందులోకి మారదామన్నారు. మూడు ఇబ్బందులు వచ్చాయి. ఆ కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లు బ్లాక్ చేసి ఉన్నాయి కాబట్టి నా స్లైడ్లు తెరుచుకోవు. ఎక్సెల్ పాత వెర్షన్, ఒక షీట్‌లోని వివరాలు ఇంకో షీట్‌లోకి తెచ్చేందుకు నేను చూపిద్దామనుకున్న ఫార్ములా ఎక్స్‌లుకప్ అందులో లేదు. అది 2021 నుంచి వచ్చిన వెర్షన్లలోనూ, చందా కట్టే 365లోనూ ఉంటుంది. పాతవాటిలో రాస్తే నేమ్ ఎర్రర్ వస్తుంది. మూడోది, మైకు వైరు అక్కడిదాకా రాదు. మైకు వదిలేస్తే వెనక వరుసలకి వినపడదు.

“ఎవరైనా ఒకరు కీబోర్డు దగ్గర కూర్చుంటారా?” అని అడిగాను. దగ్గర్లో ఉన్న ఒక పెద్దాయన లేచారు. ఆ స్టోర్స్ లెక్కలు రాసేది ఆయనే. కూర్చుంటూ, “నాకు రెండు వేళ్లే వచ్చమ్మా, ఏమనుకోకు” అన్నారు. ఫైల్ వాళ్ల సర్వర్‌లో ఉంది, ఆయనే వెతికి తెరిచారు.

నేను చెప్పాను: “సార్, ఈ అంకెల కింద ఖాళీ గడిలో ఈక్వల్ టు కొట్టండి.” ఆయన కీబోర్డు మీద ఈక్వల్ టు వెతుక్కున్నారు. హాలంతా ఆయనతో పాటే వెతుక్కుంది. “ఎస్... యూ... ఎమ్...” ఆయన కొట్టేలోపు నాకు ఊపిరి తీసుకునే టైమ్ దొరికింది. ఎంటర్ నొక్కారు. సున్నా వచ్చింది. ఆయన కంగారుపడలేదు, రోజూ చూసేదే కదా. తెర వైపు కాసేపు చూసి అన్నారు: “మేడమ్, మా అంకెలు ఎడం పక్కకి అతుక్కుని ఉంటాయి. మిగతా షీట్లలో కుడివైపు ఉంటాయి. అందుకేనా?”

అదే కారణం. మనం ఏమీ మార్చకపోతే ఎక్సెల్ అంకెని గడిలో కుడివైపుకి, అక్షరాలని ఎడమవైపుకి జరుపుతుంది. ఎడమకి ఉన్నాయంటే అది వాటిని అంకెలుగా లెక్క వేయడం లేదు. సమ్ ఫార్ములా అక్షరాలని పట్టించుకోదు, అందుకే సున్నా. ఈ ఒక్క ముక్క చెప్పగానే హాల్లో “ఓహో” అని వినపడింది. అది రికార్డింగ్‌లో ముప్పై ఒకటో నిమిషం. అంతకుముందు అలాంటి శబ్దం ఎక్కడా లేదు.

తర్వాత మామూలు మందు వేశాం, అనవసరమైన ఖాళీలు తీసేసే ట్రిమ్ ఫార్ములా. పనిచేయలేదు. కానీ ఈసారి నాకు భయం వేయలేదు, ఎందుకో తర్వాత చెప్తాను. “సార్, పక్క గడిలో లెన్ అని కొట్టి ఆ గడి పేరు ఇవ్వండి, లోపల ఎన్ని అక్షరాలున్నాయో చెప్తుంది” అన్నాను. కంటికి కనిపించేది నాలుగు అంకెలు. లెన్ అయిదు అంది. కంటికి కనపడనిది ఇంకోటి లోపల ఉందన్నమాట. ఆ లెక్కలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే, ఏదో వెబ్ పేజీ నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తామన్నారు. వెబ్ పేజీల్లో వరుస విరగకుండా పెట్టే ఒక రకం ఖాళీ ఉంటుంది, దాని కోడ్ 160. మామూలు స్పేస్ బార్ కొడితే వచ్చే ఖాళీ కోడ్ 32. ట్రిమ్ తీసేసేది ఆ 32ని మాత్రమే. కంట్రోల్ హెచ్ నొక్కి వెతికి మార్చే పెట్టె తెరిచి, వెతకాల్సిన చోట ఆల్ట్ నొక్కిపెట్టి కుడివైపు నంబర్ ప్యాడ్ మీద 0160 కొట్టి, మార్చాల్సిన చోట ఏమీ రాయకుండా అన్నీ మార్చమంటే సరి. ఆయన చేశారు. అంకెలన్నీ ఒక్కసారి కుడివైపుకి గెంతాయి, కింద సున్నా పోయి మొత్తం వచ్చింది. చప్పట్లు కొట్టారు, నాకు కాదు, ఆయనకి.

మిగిలిన యాభై నిమిషాలు అలాగే నడిచాయి. నాలుగు డెమోలకి బదులు రెండే అయ్యాయి. ఎక్స్‌లుకప్ వదిలేసి, అలాంటి పనే చేసే పాత ఫార్ములా వీలుకప్ చెప్పాను. చివర్లో ఫాల్స్ అని రాయకపోతే అది సుమారుగా సరిపోయేదాన్ని తెచ్చి పెడుతుందని, వాళ్ల షీట్‌లోనే తప్పు జవాబు రప్పించి చూపించాం. 42 స్లైడ్లలో సగం కూడా ఎవరూ చూడలేదు. అడిగినవాళ్లూ లేరు.

కారణాలు ఎక్కడున్నాయి

ఆఫీసుకి వెళ్లి “మీ ప్రొజెక్టర్ పాతది” అనడం తేలిక. కానీ పాత ప్రొజెక్టర్ ఉంటుందని ఊహించి కన్వర్టర్ తెచ్చుకోవాల్సింది నేను. ఫైల్ ముందే తెరిచి చూడాల్సిందీ నేనే. ఆ చిన్న తప్పులు పెద్దవి కావడానికి మాత్రం అసలు కారణం నా స్పీడు.

భయం వేస్తే చేతులు తొందరపడతాయి. మామూలు ఉపన్యాసంలో అది కాస్త గబగబా మాట్లాడటంగా మిగిలిపోతుంది, వినేవాళ్లు ఎలాగో అందుకుంటారు. కంప్యూటర్ డెమోలో మాత్రం తెర మీద ఒక్క క్లిక్కు తప్పిపోతే, ఆ తర్వాతిదేదీ అర్థం కాదు. నాకేమో ఆ క్లిక్కులన్నీ వేళ్లలోనే ఉన్నాయి, కాబట్టి వాళ్లకీ కనపడుతున్నాయనే భ్రమ. 1990లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కొందరిని తెలిసిన పాటల తాళం బల్ల మీద వేలితో కొట్టమంది, ఎదుటివాళ్లు పాట పేరు చెప్పాలి. సగం పాటలు గుర్తుపడతారని కొట్టేవాళ్లు అనుకున్నారు. గుర్తుపట్టింది 120లో మూడే. కొట్టేవాడి తలలో పాట మోగుతూనే ఉంటుంది, వినేవాడికి మిగిలేది టకటక శబ్దమే. నా మౌస్ క్లిక్కులు సరిగ్గా ఆ టకటకలే.

రెండోది, నా భయం అందరికీ కనపడిపోతోందన్న భయం. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో దీని మీద పరిశోధన ప్రచురించారు. మాట్లాడేవాళ్లు తమ వణుకు బయటికి ఎంత కనపడుతోందనుకుంటారో, అంత కనపడదు. ఆ సంగతి ముందే తెలిసినవాళ్లు మిగతావాళ్ల కంటే బాగా మాట్లాడారు కూడా. క్లాసయ్యాక ఇద్దరు ముగ్గురిని అడిగాను, నేను బాగా కంగారుపడ్డాను కదా అని. “లేదే, కాస్త ఫాస్ట్‌గా వెళ్లారంతే” అన్నారు. వాళ్లు మర్యాదకే అని ఉండొచ్చు, నేనది కొట్టిపారేయను. కానీ వాళ్ల ఫిర్యాదు నా వణుకు మీద కాదు, స్పీడు మీద.

పెద్దాయన కూర్చున్నాక ట్రిమ్ పనిచేయకపోయినా భయం వేయలేదన్నాను కదా. చేతికి పని లేకపోవడమే దానికి కారణమని నా నమ్మకం. కీబోర్డు నా దగ్గర ఉన్నంతసేపూ ఆలోచన కంటే ముందు వేళ్లు వెళ్లాయి. అది ఇంకొకరి చేతిలోకి వెళ్లాక ప్రతి అడుగూ మాటల్లో పెట్టాల్సి వచ్చింది. మాటల్లో పెట్టాలంటే ముందు ఆలోచించాలి. భయాన్ని ఉత్సాహం అనుకొమ్మని చెప్పే సలహా ఒకటుంది. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలి ప్రయోగాల్లో అది బాగానే పనిచేసింది. నేనూ ప్రయత్నించాను. నా విషయంలో ఉత్సాహం వచ్చింది, స్పీడు తగ్గలేదు. నాకు రెండు వేళ్లవాళ్లే మందు.

1998 ఏప్రిల్ 20న కామ్‌డెక్స్ అనే కంప్యూటర్ ప్రదర్శన వేదిక మీద విండోస్ 98 చూపిస్తుంటే, స్కానర్ తగిలించగానే విండోస్ ఆగిపోయి నీలి తెర వచ్చిన సంగతి చాలామందికి తెలుసు. ఆ వీడియో ఈ మధ్య మళ్లీ చూశాను. మిషన్ దగ్గర ఉన్నది ఇంకొకతను, బిల్ గేట్స్ పక్కన నిలబడి ఉన్నారు. అందుకే విండోస్ 98ని ఇంకా మార్కెట్లోకి వదల్లేదన్న అర్థం వచ్చేలా ఒక్క మాట అన్నారు, హాలు నవ్వింది. ఆయన చేతిలోనే మౌస్ ఉండి ఉంటే ఆ మాట అంత తొందరగా తట్టేదా అని నాకు అనుమానం.

ఆ తర్వాత మార్చినవి

సంచిలో ఇప్పుడు రెండు కన్వర్టర్లు, ఒక చిన్న స్పీకర్, స్లైడ్ల పీడీఎఫ్ ఉంటాయి. ఫైల్ వారం ముందే అడుగుతాను. గంట ముందు వెళ్లి వాళ్ల ప్రొజెక్టర్‌కి తగ్గట్టు తెర సైజు మార్చుకుని, షీట్‌ని పెద్దది చేసి, చివరి వరుస కుర్చీలో కూర్చుని చూసుకుంటాను. వీటి గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు, ఎవరైనా చేసేవే.

అసలు మార్పు మొదటి పది నిమిషాల్లో ఉంది. అప్పుడు కంప్యూటర్ ముట్టుకోను. స్లైడ్ షోలో బి కీ నొక్కితే తెర నల్లబడుతుంది, అలాగే ఉంచి, వాళ్ల షీట్లలో రోజూ ఏం తలనొప్పి వస్తోందో అడుగుతాను. గుండె దడ ఎక్కువ ఉండేది ఆ పది నిమిషాల్లోనే కాబట్టి, అప్పుడు చేతిలో మౌస్ ఉండకూడదు. తర్వాత కీబోర్డు దగ్గరికి ఒకరిని పిలుస్తాను. ఏదైనా చెడిపోతే చేసే ప్రతి పనీ పైకి చెప్తాను: “కేబుల్ తీసి పెడుతున్నాను, రాకపోతే అటువైపు చూస్తాను.” తొంభై సెకన్లలో తేలకపోతే వదిలేసి బోర్డు మీదికి వెళ్తాను. ఈ తొంభైకి శాస్త్రమేమీ లేదు, అంతకు మించితే జనం ఫోన్లు తీస్తున్నారని గమనించానంతే.

ఈ పద్ధతి అన్నిసార్లూ పనిచేయలేదు. ఇంకో ఆఫీసులో కీబోర్డు దగ్గరికి ఎవరైనా రమ్మంటే, అక్కడి అధికారి ఒక కొత్తమ్మాయిని “నువ్వెళ్లు” అన్నారు. ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది, చేతులు వణికాయి, తప్పు కొట్టిన ప్రతిసారీ సారీ చెప్పింది. నా భయం తీసుకెళ్లి ఆ పిల్ల నెత్తిన పెట్టినట్టయింది. మధ్యలో నేనే వెళ్లి పక్కన కూర్చుని, ఒక క్లిక్కు తను, ఒకటి నేను చేసుకుంటూ ముగించాం. అప్పటి నుంచి పై అధికారి పేరు పెట్టి పిలిస్తే ఒప్పుకోను. ఇద్దరిని జంటగా కూర్చోబెడుతున్నాను, ఒకరు టైప్ చేస్తే ఇంకొకరు తెర చదువుతారు. తప్పు జరిగితే అది ఇద్దరిదీ అవుతుంది.

స్టోర్స్ పెద్దాయన దగ్గర్నుంచి మూడు వారాల తర్వాత మెయిల్ వచ్చింది. “మేడమ్, కొత్త ఫైల్‌లో లెన్ మళ్లీ 5 వస్తోంది. మీరు చెప్పిన 0160 కొట్టాను, పోవడం లేదు. కోడ్ ఫార్ములా వేస్తే 63 అంటోంది. 63 అంటే ప్రశ్న గుర్తు కదా, మా గడిలో ప్రశ్న గుర్తు లేదు.” అక్షరం కోడ్ ఎంతో చెప్పే ఆ కోడ్ ఫార్ములా గురించి నేను ఆ క్లాసులో చెప్పనే లేదు. వెంటనే జవాబు తట్టలేదు, రేపు చెప్తానని రాసి, ఆయన పంపిన ఫైల్ తెరిచి కూర్చున్నాను. కోడ్ ఫార్ములాకి తెలియని అక్షరం ఎదురైతే అది 63 అనేస్తుంది. యూనికోడ్ ఫార్ములా వేస్తే 8203 అని బయటపడింది, అసలు వెడల్పే లేని ఖాళీ. మర్నాడు ఫోన్ చేసి, సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో దాన్ని ఎలా తీసేయాలో చెప్పాను. ఆయన రెండు వేళ్లతో కొడుతుంటే, ఫోన్లో కీల చప్పుడు ఒక్కొక్కటిగా వింటూ ఆగాను.